బేక్‌వెల్ టార్ట్‌లెట్లు: అడుగు మెత్తబడకుండా, జామ్ పొంగకుండా

ఇంగ్లండ్‌లోని డార్బీషైర్‌లో, వై నది ఒడ్డున బేక్‌వెల్ అనే చిన్న ఊరుంది. ఆ ఊరి పేరు మీద చలామణీ అయ్యే తీపి వంటకాలు మూడు. మొదటిది బేక్‌వెల్ పుడ్డింగ్: అడుగున పొరలుగా విచ్చుకునే పఫ్ పేస్ట్రీ, మధ్యలో జామ్, పైన గుడ్లు, వెన్న, చక్కెర, బాదం కలిపిన జారుడు మిశ్రమం. రెండోది బేక్‌వెల్ టార్ట్: అడుగున గుల్లగా విరిగే షార్ట్‌క్రస్ట్, మధ్యలో జామ్, పైన ఫ్రాంజిపేన్ అనే బాదం కేకు, ఆపైన బాదం రేకులు. మూడోది చెర్రీ బేక్‌వెల్: రెండోదానికే తెల్లటి ఐసింగ్ (చక్కెర పూత) పూసి, నడుమ ఎర్ర చెర్రీ పెట్టినది. సూపర్‌మార్కెట్ డబ్బాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే.

పుడ్డింగ్ పొరపాటున పుట్టిందని ఆ ఊళ్లో ఓ కథ చెబుతారు. ఓ సత్రంలో వంటమనిషి గుడ్ల మిశ్రమాన్ని పిండిలో కలపాల్సింది పోయి జామ్ మీద పోసేసిందట. దీన్ని 1860 ప్రాంతపు ముచ్చటగా చెప్పేవాళ్లున్నారు కానీ, ఎలిజా ఆక్టన్ 1845లో అచ్చువేసిన వంటల పుస్తకంలోనే బేక్‌వెల్ పుడ్డింగ్ ఉంది. కాబట్టి కథను కథగానే వినండి.

ఇక్కడ చెప్పేది రెండో రకం, చిన్న సైజులో. పెద్ద టార్ట్‌కి అచ్చులో పరిచిన పిండిని ముందుగా ఖాళీగా కాల్చాలి, దానికి బరువులు పెట్టాలి. చిన్నవాటికి ఆ పని లేదు. అయితే అడుగు నుంచి వేడి గట్టిగా తగలాలి, జామ్ తక్కువ వేయాలి. ఈ రెండూ కుదిరితే సగం పని అయిపోయినట్టే.

సామాను

గుంత పొంగనాల పెనంలా గుంటలుండే, కానీ గుంటలు ఇంకా వెడల్పుగా, లోతు తక్కువగా ఉండే 12 గుంటల ట్రే కావాలి. గుంట పైభాగం దాదాపు 7 సెంటీమీటర్లు, లోతు 2 సెంటీమీటర్లు ఉంటే సరిగ్గా సరిపోతుంది. మన దగ్గర ఎక్కువగా దొరికే మఫిన్ ట్రేలు లోతెక్కువ. వాటిలోనూ చేయొచ్చు, కానీ పిండిని గుంటలో సగం ఎత్తు వరకే ఎక్కించండి. లోతెక్కువైతే పైన మాడేసరికి కూడా అడుగు పచ్చిగానే ఉంటుంది. రేకువి, ముదురు రంగువి అయితే వేడిని బాగా లాక్కుంటాయి. మెత్తటి సిలికాన్ అచ్చులు దీనికి పనికిరావు, అడుగు ఎర్రబడదు.

9 సెంటీమీటర్ల గుండ్రటి కట్టర్, లేదా అంత మూతి ఉన్న స్టీలు గిన్నె. అప్పడాల కర్ర. గ్రాములు చూపే త్రాసు. ఇది మాత్రం తప్పనిసరి, కప్పుల లెక్కతో ఈ వంట చేయకండి. ఓవెన్‌లో ట్రే కింద పెట్టడానికి ఓ బరువైన ఇనుప లేదా అల్యూమినియం పళ్లెం.

కొలతలు (12 టార్ట్‌లెట్లకు)

పిండికి:
మైదా 200 గ్రాములు
చల్లటి ఉప్పులేని వెన్న 100 గ్రాములు
ఐసింగ్ షుగర్ (మెత్తటి చక్కెర పొడి) 25 గ్రాములు
ఉప్పు చిటికెడు
గుడ్డు సొన సుమారు 20 గ్రాములు
ఐస్ నీళ్లు 1 నుంచి 2 టేబుల్‌స్పూన్లు

నడుమకు:
రాస్ప్‌బెర్రీ జామ్ 75 గ్రాములు

ఫ్రాంజిపేన్‌కు:
మెత్తబడిన వెన్న 80 గ్రాములు
సన్న చక్కెర 80 గ్రాములు
గుడ్డు సొన 80 గ్రాములు
బాదం పొడి 80 గ్రాములు
మైదా 20 గ్రాములు
బాదం ఎసెన్స్ పావు టీస్పూన్

పైకి:
బాదం రేకులు 25 గ్రాములు

గుడ్ల దగ్గర చిన్న లెక్క ఉంది. రెండు గుడ్లు కొట్టి బాగా గిలకొడితే సుమారు 100 గ్రాముల సొన వస్తుంది. అందులో 80 గ్రాములు ఫ్రాంజిపేన్‌కు తీసి పక్కన పెట్టండి, మిగిలింది పిండిలోకి పోతుంది. గుడ్లు చిన్నవై 90 గ్రాములే వస్తే పిండిలో ఓ చెంచా నీళ్లు ఎక్కువ వేసుకుంటే చాలు. ఫ్రాంజిపేన్‌లో వెన్న, చక్కెర, గుడ్డు, బాదం నాలుగూ సమాన బరువులో ఉండాలన్నది అసలు సూత్రం. దాన్ని మాత్రం కదిలించకండి. గుడ్డు అసలు తినని ఇంట్లో పిండిని ఉత్త నీళ్లతో కలిపేయొచ్చు గానీ, పైపూత గుడ్డు లేకుండా ఫ్రాంజిపేన్ కాదు. అది వేరే వంట.

సరుకుల గురించి

వెన్న: కొట్లో దొరికే వెన్నలో కొవ్వు 80 శాతం, మిగతాది దాదాపు నీరే. ఉప్పు వెన్న తప్ప దొరకకపోతే పిండిలో వేసే ఉప్పు మానేయండి. ఇంట్లో చిలికిన వెన్నలో మజ్జిగ నీరు ఇంకా ఎక్కువ ఉంటుంది. అలాగే వాడితే పిండి జిగురుగా మారి, కాల్చేటప్పుడు ముడుచుకుంటుంది. చల్లటి నీళ్లలో రెండు మూడుసార్లు కడిగి, గట్టిగా నొక్కి నీరంతా తీసి వాడండి. నెయ్యి వద్దు. చక్కెరతో కలిపి గిలకొట్టినా దానిలో గాలి సరిగ్గా నిలవదు, పూత నూనె కక్కుతుంది.

మైదా: బ్రిటన్‌లో ఉన్నవాళ్లు ప్లెయిన్ ఫ్లోర్ వాడాలి. సెల్ఫ్ రైజింగ్‌లో బేకింగ్ పౌడర్ ముందే కలిసి ఉంటుంది, దాంతో అడుగు బన్నులా ఉబ్బుతుంది.

బాదం పొడి: బ్రిటన్‌లో ప్యాకెట్లలో దొరుకుతుంది. ఇక్కడ కొనే బాదం పొడిలో పొట్టు కలిసి ఉందేమో చూసుకోండి. పొట్టు వల్ల పూత గోధుమరంగుకు తిరిగి, కాస్త వగరుగా ఉంటుంది. ఇంట్లోనే చేసుకునేటట్టయితే 85 గ్రాముల బాదంపప్పును మరిగే నీళ్లలో నిమిషం ఉంచి, చన్నీళ్లలో వేసి పొట్టు జార్చండి. రాత్రంతా నానబెట్టకండి, పప్పు నీరు పీలుస్తుంది. గుడ్డతో తుడిచి, 100 డిగ్రీల ఓవెన్‌లో 10, 15 నిమిషాలు రంగు మారకుండా ఆరబెట్టి, పూర్తిగా చల్లారనివ్వండి. వెచ్చగా ఉన్న పప్పును మిక్సీలో వేస్తే పొడి కాదు, ముద్ద అవుతుంది. ఫ్రాంజిపేన్ చక్కెరలోంచే రెండు చెంచాలు పప్పుతో పాటు వేసి, మిక్సీని ఆపి ఆపి తిప్పండి. ఆ చక్కెర నూనెను పీల్చుకుని పొడిని విడివిడిగా ఉంచుతుంది. జల్లించి, పైన మిగిలిన పలుకుల్ని మళ్లీ ఓసారి తిప్పండి. రవ్వంత సన్నగా ఉంటే చాలు, పిండిలా మెత్తగా అక్కర్లేదు.

చక్కెర: మన చక్కెర పలుకు పెద్దది, వెన్నలో త్వరగా కరగదు. మిక్సీలో రెండే రెండు తిప్పులు తిప్పండి. పూర్తిగా పొడి చేయకండి, వెన్నలోకి గాలి ఎక్కించేది ఆ పలుకులే.

బాదం ఎసెన్స్: బ్రిటిష్ టార్ట్‌లో ముక్కుకు తగిలే ఆ ఘాటు వాసన మనం తినే తియ్య బాదంలో దాదాపు ఉండదు. అది చేదు బాదంలో, ఆప్రికాట్ లాంటి పండ్ల గింజల్లో ఉండే బెంజాల్డిహైడ్ వాసన. అందుకే ఎంత మంచి పప్పు వేసినా ఎసెన్స్ లేకపోతే రుచి బాదం హల్వా వైపు పోతుంది. అలాగని అర టీస్పూన్ పోస్తే మందు సీసా వాసన వస్తుంది. పావు టీస్పూన్ దాటకండి. వాసన కోసం చేదు బాదంపప్పు తెచ్చి నూరడం మాత్రం వద్దు, అది కడుపులో సైనైడ్‌ను విడుదల చేస్తుంది.

జామ్: సంప్రదాయంగా రాస్ప్‌బెర్రీ, కొన్నిచోట్ల స్ట్రాబెర్రీ. ఇక్కడ రాస్ప్‌బెర్రీ దొరక్కపోతే పుల్లగా ఉండే జామ్ ఏదైనా తీసుకోండి. పూతంతా తీపి, కొవ్వు కాబట్టి నడుమ పులుపు తగలాలి. మిక్స్‌డ్ ఫ్రూట్ జామ్ వాడితే అర చెంచా నిమ్మరసం కలపండి. చెంచాలోంచి జారిపోయే జామ్ అయితే చిన్న మంట మీద నాలుగైదు నిమిషాలు మరిగించి చల్లార్చండి. పొయ్యి మీద ఎగిరిపోని నీరు టార్ట్ అడుగులోకి చేరుతుంది.

పిండి కలపడం

మైదా, ఐసింగ్ షుగర్, ఉప్పు జల్లించండి. చల్లటి వెన్నను చిన్న ముక్కలుగా కోసి అందులో వేసి, వేళ్ల కొసలతో నలపండి. అరచేయి తగలనివ్వకండి, దాని వేడికి వెన్న కరుగుతుంది. రెండు మూడు నిమిషాల్లో తడి రొట్టెపొడిలా మారుతుంది. అక్కడితో ఆపండి. ఇలా మైదా రేణువుల చుట్టూ కొవ్వు పొరలా పట్టడం వల్ల నీళ్లు పోశాక గ్లూటెన్ (పిండికి సాగుడు ఇచ్చే పదార్థం) ఎక్కువగా సాగదు. షార్ట్‌క్రస్ట్ గుల్లగా విరిగేది అందుకే.

ఎండాకాలంలో హైదరాబాద్, విజయవాడ వంటిళ్లలో ఈ పద్ధతి కష్టం. వెన్నను గంటసేపు ఫ్రీజర్‌లో పెట్టి, కొబ్బరి కోరుకునే తురుముడు పీట మీద నేరుగా మైదాలోకి తురమండి. మైదానూ, గిన్నెనూ కూడా అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి.

మిగిలిన గుడ్డు సొన, ఓ టేబుల్‌స్పూన్ ఐస్ నీళ్లు కలిపి పోసి, ఫోర్కుతో కలపండి. పిడికిట్లో నొక్కితే ముద్దగా నిలబడాలి. పొడిగా రాలిపోతే ఇంకో టేబుల్‌స్పూన్ వరకు, చుక్కచుక్కగా వేయండి. చపాతీ పిండిలా పిసకొద్దు. మనకు చెయ్యి అలవాటు చొప్పున అదే చేస్తుంది, అక్కడే పిండి గట్టిపడుతుంది. ముద్దగా దగ్గరికి రాగానే వెడల్పుగా అణిచి, క్లింగ్ ఫిల్మ్ చుట్టి 30 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి.

ఒత్తి, గుంటల్లో పరచడం

ట్రే గుంటలకు వెన్న పలచగా రాయండి. పిండిని రెండు బేకింగ్ కాగితాల మధ్య పెట్టి ఒత్తితే అదనపు పొడి పిండి అవసరం ఉండదు. మందం 3 మిల్లీమీటర్లు. అంతకంటే పలచనైతే జామ్ కారే చోట చిల్లు పడుతుంది, మందమైతే అడుగు పచ్చిగా మిగులుతుంది. 9 సెంటీమీటర్ల బిళ్లలు కోయండి. ముక్కల్ని ఒకదానిమీద ఒకటి పేర్చి నొక్కి, ఇంకోసారి ఒత్తితే 12 వస్తాయి. రెండోసారికి మించి ఒత్తిన పిండి గట్టిగా కాలుతుంది.

బిళ్లను గుంట మీద వదిలి, అంచులు ఎత్తి పట్టుకుని పిండి దానంతట అదే లోపలికి దిగేట్టు చేయండి. వేలితో సాగదీసి గుంటకు అంటించొద్దు. సాగదీసినది ఓవెన్‌లో మళ్లీ వెనక్కి ముడుచుకుంటుంది, అప్పుడు అంచు దిగిపోయి పూత ట్రే మీదికి కారుతుంది. మూలల్లో గాలి మిగలకుండా చిన్న పిండి ఉండతో మెల్లగా నొక్కండి. అడుగున ఫోర్కుతో గుచ్చొద్దు, ఖాళీగా కాల్చేవాటికే అది. ఇక్కడ గుచ్చితే జామ్ ఆ చిల్లుల్లోంచే ట్రేకు అతుక్కుంటుంది. ట్రేతో సహా 20 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి.

ఇప్పుడే ఓవెన్‌ను 180 డిగ్రీలకు, ఫ్యాన్ ఉన్నదైతే 160కి వేడెక్కించండి. కింది అరలో బరువైన పళ్లెం పెట్టి, కనీసం 20 నిమిషాలు కాలనివ్వండి. ఓటీజీలో (కరెంటుతో నడిచే చిన్న ఓవెన్) పైకడ్డీ, కింది కడ్డీ రెండూ వెలగాలి. ఓటీజీలో వేడి పెంచే మీట మీది అంకెను పూర్తిగా నమ్మకండి, లోపల వేలాడదీసే థర్మామీటర్ ఒకటి కొనుక్కుంటే ఈ ఒక్క వంటకే కాదు, అన్నింటికీ పనికొస్తుంది.

ఫ్రాంజిపేన్

వెన్న వేలితో నొక్కితే దిగేంత మెత్తగా ఉండాలి, మెరుస్తూ కారకూడదు. దాన్ని చక్కెరతో రెండు మూడు నిమిషాలు గిలకొట్టండి. స్పాంజ్ కేకుకు చేసినట్టు పది నిమిషాలు కొట్టారో, ఎక్కిన గాలికి పూత గోపురంలా పొంగి పగులుతుంది, చల్లారాక కుంగుతుంది. బేకింగ్ పౌడర్ వేయకపోవడానికీ కారణం ఇదే.

80 గ్రాముల గుడ్డు సొన గది వేడిలో ఉండాలి. నాలుగు విడతలుగా పోస్తూ, ప్రతిసారీ కలిసిపోయాకే తర్వాతిది పోయండి. చల్లటి గుడ్డు ఒక్కసారిగా పోస్తే వెన్న గడ్డకట్టి మిశ్రమం విరిగిన పాలలా కనిపిస్తుంది. విరిగితే భయపడక్కర్లేదు, బాదం పొడిలోంచి ఓ చెంచా వేసి కలిపితే దగ్గరికొస్తుంది. చివర్లో బాదం పొడి, మైదా, ఎసెన్స్ వేసి గరిటెతో కలపండి. చెంచాలోంచి మెల్లగా జారి పడే చిక్కదనం రావాలి. నీళ్లలా కారుతుంటే వెన్న కరిగిందని అర్థం, పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి వాడండి.

నింపడం

ఒక్కో గుంటలో సమంగా గీసిన ఒక టీస్పూన్ జామ్. సుమారు 6 గ్రాములు. నడుమే వేసి, చుట్టూ పిండి కనిపించేట్టు వదలండి. ఇది తక్కువని అందరికీ అనిపిస్తుంది, ఇంకో అర చెంచా వేయాలని చెయ్యి లాగుతుంది. వేయకండి. జామ్ ఓవెన్‌లో మరిగి ఆవిరి పుట్టిస్తుంది. పూతకూ పిండికీ మధ్య అంచు అతుక్కుని ఉంటే ఆ ఆవిరి లోపలే అణిగిపోతుంది. జామ్ అంచు దాకా ఉంటే అక్కడ అతుకు పడదు, సందులోంచి పొంగి ట్రేకు పాకంలా పట్టేస్తుంది. తీసేటప్పుడు టార్ట్ రెండుగా విరిగేది ఎప్పుడూ ఆ చోటే.

పైన ఫ్రాంజిపేన్ ఒక గుండు టేబుల్‌స్పూన్, సుమారు 28 గ్రాములు. ముందు అంచు చుట్టూ పెట్టి, తర్వాత నడుమకు లాగండి. నడుమ వేసి అంచుకు తోస్తే జామ్ కూడా వెంట వస్తుంది. పిండి అంచుకు 3, 4 మిల్లీమీటర్ల కింద ఆగాలి. బాదం రేకులు చల్లి, వేలితో కాస్త అద్దండి, లేకపోతే ఫ్యాన్ గాలికి ఓవెన్ అంతా ఎగురుతాయి.

కాల్చడం

ట్రేని కాలి ఉన్న పళ్లెం మీద పెట్టండి. అడుగు పిండి వెంటనే గట్టిపడటం మొదలవ్వాలి, జామ్ దానిలోకి ఇంకేలోపే. 22 నుంచి 26 నిమిషాలు. 15వ నిమిషంలో తలుపు సందులోంచి కాక అద్దంలోంచే చూడండి. పైన ముందే ఎర్రబడుతుంటే (ఓటీజీల్లో తరచూ ఇదే) ఫాయిల్ వదులుగా కప్పండి.

అయిందని తెలిసేది ఇలా: పూత బంగారు రంగు, అంచులు ఇంకాస్త ముదురు, నడుమ వేలితో తాకితే వెనక్కి లేస్తుంది. పుల్ల గుచ్చితే తడి పిండి రాకూడదు, కాస్త చెమ్మ ఉన్న పొడి అంటితే పర్లేదు. బాగా పొడిగా వచ్చేదాకా ఉంచితే మర్నాటికి ఎండుకేకులా అవుతుంది. జామ్ దాకా గుచ్చకండి, ఎర్రగా వచ్చిన తడిని పచ్చిపిండి అనుకుని ఇంకో ఐదు నిమిషాలు మాడ్చేస్తారు.

ట్రేలో 5 నిమిషాలే ఉంచండి. వెంటనే తీస్తే విరుగుతాయి, పూర్తిగా చల్లారితే పొంగిన జామ్ గట్టిపడి రావు. సన్నటి కత్తి మొన అంచున దింపి, ఒక్క తిప్పు తిప్పి లేపి, కింద గాలాడే జాలీ మీద పెట్టండి. పళ్లెంలో పెడితే సొంత ఆవిరికే అడుగు మెత్తబడుతుంది. ఒకదాన్ని తిరగేసి చూడండి. అడుగు లేత గోధుమరంగులో, గీరితే గరగరమనాలి. తెల్లగా ఉంటే తర్వాతి విడతకు పళ్లెం ఇంకో పది నిమిషాలు కాలనిచ్చి, ట్రేని ఇంకో అర కిందికి దించండి. ఈ విడతను కాపాడుకోవాలంటే టార్ట్‌లెట్లను గుంటల్లోంచి తీసి నేరుగా ఆ పళ్లెం మీద పెట్టి, పైన ఫాయిల్ కప్పి 5 నిమిషాలు కాల్చండి.

చెర్రీ రకం కావాలంటే

నిజం చెప్పాలంటే బాదం రేకులున్న టార్ట్ మీద ఐసింగ్ వేయడం తీపి మీద తీపి. పిల్లలకు మాత్రం ఇదే నచ్చుతుంది. రేకులు మానేసి, పూత కాస్త తక్కువ వేసి కాల్చండి, ఐసింగ్‌కు అంచు లోపల చోటుండాలి. టార్ట్‌లెట్లు పూర్తిగా చల్లారాక 150 గ్రాముల ఐసింగ్ షుగర్‌లో 4, 5 టీస్పూన్ల నీళ్లు కొద్దికొద్దిగా కలిపి, చెంచాలోంచి తెగకుండా చిక్కగా జారేట్టు చేసి పోయండి. వెచ్చగా ఉండగా పోస్తే కరిగి కారిపోతుంది. పైన సగం గ్లేస్ చెర్రీ (చక్కెర పాకంలో ఊరిన చెర్రీ). మన బేకరీ సరుకుల కొట్లో చెర్రీల పేరుతో అమ్మే ఎర్రటివి చాలావరకు పాకంలో ఊరి రంగెక్కిన వాక్కాయలే. రుచికి ఇబ్బంది లేదు కానీ రంగు దిగుతుంది. నీళ్లలో కడిగి, గుడ్డతో పూర్తిగా తడి తుడిచి, ఐసింగ్ సగం గట్టిపడ్డాక పెట్టండి.

నిల్వ

గాలి చొరని డబ్బాలో బయటే 3 రోజులు. విశాఖ, కాకినాడ లాంటి చెమ్మ ఊళ్లలో వానాకాలంలో 2 రోజులే అనుకోండి. ఫ్రిజ్‌లో పెడితే వెన్న గట్టిపడి పూత బిరుసెక్కుతుంది, పిండి గుల్లతనం పోతుంది. పూర్తిగా చల్లారకముందే డబ్బా మూత పెట్టొద్దు.

ఎక్కువ రోజులు కావాలంటే ఐసింగ్ లేనివాటిని ఒక్కొక్కటిగా చుట్టి ఫ్రీజర్‌లో 2 నెలల దాకా ఉంచొచ్చు. బయటపెట్టి గంటన్నర ఆగి, 160 డిగ్రీల ఓవెన్‌లో 6 నుంచి 8 నిమిషాలు. మైక్రోవేవ్‌లో అడుగు తడిసిన కాగితంలా అవుతుంది, పైగా పైన గోరువెచ్చగా ఉండగానే లోపలి జామ్ నాలుక కాలేంత మరుగుతుంది. పిండి బిళ్లల్ని ట్రేలో పరిచి కాల్చకుండా గడ్డకట్టించి పెట్టుకోవడం ఇంకా మేలు. అప్పటికప్పుడు జామ్, తాజా ఫ్రాంజిపేన్ వేసి, గడ్డకట్టినవాటిని అలాగే ఓవెన్‌లోకి తోసి, 4 నిమిషాలు అదనంగా కాల్చండి.